కొయ్యడేగకు తోక

నీడకు కాళ్లుంటాయా అని అడిగితే, అన్ని నీడల సంగతీ ఏమోగానీ కరాళగిరి నీడకు ఉంటాయి. మిట్టమధ్యాహ్నం కొండ పాదాల దగ్గర ముడుచుకుని కుక్కలా పడుకుంటుంది. పొద్దు కాస్త వాలిందంటే లేచి ఒళ్లు విరుచుకుని తూర్పు ముఖంగా నడక మొదలుపెడుతుంది. ఆ రోజు కూడా అలాగే లేచింది. అది చూసి రాకుమారి చంపకవల్లి ప్రాణం సగం అక్కడే పోయింది.

ఆ చోటు ఎలాంటిదో తెలిస్తేగానీ ఆ పిల్ల గుండె ఎందుకంత కొట్టుకుందో తెలియదు. పడమట కరాళగిరి, మబ్బులను మొలతాడులా చుట్టుకున్న నల్లరాతి కొండ. దాని నెత్తిన విడాలాక్షుడనే మాంత్రికుడి కోట. పిల్లికళ్లలాంటి పచ్చరాళ్లు పొదిగిన బురుజులు, ఎముకల తోరణాలు, పట్టపగలే భగభగలాడే నీలిమంటల దివిటీలు. కొండ కింద నాపరాళ్ల బయలు. బయలు చివర, భూదేవి చీర అంచు ఎవరో చింపేసినట్టు ఒక లోయ. తొంగిచూస్తే అడుగు కనిపించదు, ఎండకు కాగిన గాలి మాత్రం ఎగదన్ని ముఖాన కొడుతుంది. లోయ గోడల గూళ్లలో రాగిముక్కు రాబందులు రెక్కల కింద తలలు దాచుకుని నిద్రపోతుంటాయి. ఎండ ఉన్నంతసేపూ వాటికి నిద్రే, నీడ తగిలిన కాసేపటికే మెలకువ. మెలకువ వచ్చిందా, నెత్తురున్న దేన్నీ ఆ లోయ దాటనివ్వవు.

ఆ లోయ నట్టనడుమ, ఆకాశాన్ని కుట్టడానికి నిలబెట్టిన దబ్బనంలా, సూదిగుట్ట. దాని కొనమీద చిన్న కళ్లమంత చోటు. అక్కడ నానా రాజ్యాల రాకుమారులు నిలబడి ఉన్నారు. ఒకడు కత్తి ఎత్తి, ఒకడు చేతులు జోడించి, ఒకడు ముఖం కప్పుకుని. అందరూ రాళ్లే. సాయంత్రం కరాళగిరి నీడ ఆ గుట్ట కొనను ముట్టుకుంటే అక్కడున్న ప్రాణి ఏదైనా రాయైపోతుంది. అదీ విడాలాక్షుడి శాపం.

ఆ రాళ్ల మధ్య ఆ పూట ఒక్కడు ఇంకా ఊపిరితో ఉన్నాడు. కుంభినీపురం యువరాజు విజయాంకుడు, చంపకవల్లికి ఒక్కగానొక్క తమ్ముడు. పట్టాభిషేకం నాడు మంగళస్నానం చేయిస్తుంటే, పన్నీటి తొట్టిలోంచి మెరుపులా ఎత్తుకొచ్చాడు మాంత్రికుడు. అప్పటికి నుదుటి తిలకమైనా ఆరలేదు. కొన్నాళ్లు కోటలో ఉంచి, ఆ పొద్దున్నే గుట్టమీద దించాడు. కట్టేసే పని కూడా పెట్టుకోలేదు. ఎటు పోతాడు గనుక.

పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టు, ఆ పిల్లికళ్ల వాడికో ముచ్చట ఉంది. రాయైన ప్రతి రాకుమారుడి నుదుటా పెళ్లికొడుక్కి కట్టినట్టు కొత్త బాసికం కట్టిస్తాడు. జీలుగుబెండుతో, తగరపు రేకులతో, ఆ కొండ కిందే కూర్చుని చేయాలి. అందుకే బాసికాల పేరమ్మకు కబురొచ్చింది. అందుకే చంపకవల్లి ముఖానికి మసి పూసుకుని, ముతక చీర గోచీ పెట్టి కట్టి, పేరమ్మ కోడలినంటూ తట్ట నెత్తిన పెట్టుకుని కొండ కింది కావలి వాకిలి దాటింది. వాకిట్లో భటులు కత్తులూ విల్లమ్ములూ వెతికారు. విల్లు ఉన్నా ఒరిగేదేమీ లేదనుకోండి, ఆ లోయ వెడల్పుకు ఏ బాణమూ చాలదు.

వచ్చే దారిలో అడవిలో ఒక ముని ఆమెకు గాలిలో ఎగిరే పావుకోళ్లు ఇచ్చాడు. అవి ఉన్నాయిగా, ఎగిరిపోవచ్చుగా అంటారు. ఆమె కూడా అలాగే అనుకుంది. అయినా ఎందుకైనా మంచిదని పొద్దున బండ చాటునుంచి ఒక పావుకోడును ముందుగా వదిలి చూసింది. లోయ నడిమికి వెళ్లేసరికి అది కర్పూరంలా భగ్గుమంది, బూడిద కూడా కింద పడలేదు. మంత్రం అంటుకున్న వస్తువేదైనా ఆ లోయ మీద అంతే. రెండో పావుకోడును తట్ట అడుగున పారేసి కూలబడిపోయింది చంపకవల్లి.

ఇక మిగిలింది ఒక్క కొయ్యడేగ. మంత్రమూ లేదు, మాయా లేదు, ఉత్త ఆటబొమ్మ. బొమ్మలు చెక్కే తేలికైన పొణికి కర్రను గుల్లగా తొలిచి, వెదురు ఈనెల రెక్కలకు సన్నని పట్టుగుడ్డ అంటించి విజయాంకుడే చేసుకున్నాడు. అక్కాతమ్ముళ్లు చంద్రశాల మీదనుంచి విసిరితే రాజవీధి దాటి వెళ్లి వాలేది. కోడలి వేషంలో ఉన్న అక్కను వాడు పోల్చుకుంటాడో లేదో అని గుర్తుగా తెచ్చింది దాన్ని. ఇప్పుడు ఆ బొమ్మే దిక్కైంది. దాని నడుముకు పట్టుదారం కట్టి లోయ మీదుగా వదలాలి. వాడు దారం అందుకుని లాగితే దానికి పురికొస, పురికొసకు నారతాడు. తాడు తట్టలో బెండు కట్టల కింద చుట్ట చుట్టుకుని ఉండనే ఉంది. తాడు దక్కితే తమ్ముడు దక్కినట్టే.

కానీ డేగకు తోక లేదు. వాకిట్లో తనిఖీ చేసిన భటుడు లోపల ఏమన్నా దాచారేమోనని బల్లెంతో ఒక్క పోటు పొడిచాడు. తోక తునాతునకలైపోయింది.

తోకే కదా అనకండి. తోక లేని డేగ గాలిలో తాగుబోతుతో సమానం. బండ చాటున, భటుల కంటపడకుండా, చంపకవల్లి గబగబా తాటాకు కత్తిరించి తోక కట్టింది. ఇసుక మీదికి మెల్లగా విసిరి చూసింది. ఆకు తేలికే, ఆ మాటకేం గానీ గాలి తగలగానే లపలపలాడింది. డేగ గింగిరాలు తిరిగి ముక్కుతో నేలను పొడిచింది. సరే, మెత్తన పనికిరాదని బాసికం వెనక వేసే చెక్కపలకను చెక్కి అతికించింది. ఈసారి తోక ఉక్కులా నిలబడింది. డేగ మాత్రం ముక్కు ఆకాశానికెత్తి, ఎగరబోయి, గుడ్లు పెట్టే కోడిలా తోకమీద చతికిలబడింది.

ముక్కుకు కాస్త మైనం పెట్టి చూడమంది పేరమ్మ. పెట్టారు. తోక రెక్కలకు చాలా దూరంలో ఉంటుంది, ఏతాం కర్ర చివర కూర్చున్నట్టు, ముక్కేమో రెక్కల పక్కనే. అక్కడ గింజంత బరువు పెరిగితే ఇక్కడ గుప్పెడు పెట్టాల్సి వస్తుంది. పెట్టగా పెట్టగా డేగ కాస్తా రాయిలా బరువెక్కింది. ఇక అది దారాన్ని ఏం మోస్తుంది, తనను తాను మోసుకుంటే చాలు.

గట్టిది బరువు, తేలికది లొడలొడ. గట్టిగానూ ఉండాలి, తేలిగ్గానూ ఉండాలి. చంపకవల్లి తల పట్టుకుంది. వెనక్కి తిరిగి చూస్తే నీడ నాపరాళ్ల బయలు మీదికి వచ్చేసింది.

అప్పుడు ఆమె కన్ను పేరమ్మ ఒళ్లోని సగం కట్టిన బాసికం మీద పడింది. బెండు ముక్కలను మూడుమూలలుగా కలిపి కట్టిన చట్రం అది. అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే లేదు, వేలితో నొక్కితే మాత్రం వంగలేదు. పక్కనే నాలుగు మూలల ముక్క ఒకటి ఉంటే దాన్నీ నొక్కింది. అది ఆవులిస్తున్న మనిషిలా ఓ పక్కకు ఒరిగిపోయింది.

"అవ్వా, మూడుమూలలది ఎందుకు ఒరగదు?"

"ఒరగడానికి దానికి చోటేదే తల్లీ. ఒక పుల్ల పోదామనుకుంటే తతిమ్మా రెండూ పోనీయవు. తోటికోడళ్ల కాపురంలాంటిది."

అంతే, ఆ పిల్ల చేతులకు దయ్యం పట్టినట్టయింది. జీలుగుబెండును వెంట్రుకతో కోసినట్టు సన్నని కడ్డీలుగా కోసింది. వెదురు బద్ద పైతొక్కను ఈనెలుగా తీసి, అంచులకు మాత్రం అవి వేసింది. లోపల అంతా బెండే. గళ్లుగళ్లుగా చట్రం అల్లి, ప్రతి గడికీ మూలనుంచి మూలకు ఒక ఏటవాలు పుల్ల. కీలు కీలుకూ పేరమ్మ చింతగింజల జిగురు ఆవగింజంత చొప్పున పెట్టింది. ఎక్కువ పెడితే జిగురే బరువైపోతుందని రాకుమారి అడ్డుకుంటూనే ఉంది. మొత్తం అయ్యాక చూస్తే, సాలెపురుగు ఒళ్లు మరిచి ఆకు బొమ్మ గీసినట్టుంది. చివర పట్టుకుని ఊపితే వణకలేదు. అరచేతిలో పెట్టి ఊదితే ఎగిరిపోయింది.

పైన కప్పడానికి గుడ్డ కావాలి. బయలుదేరేటప్పుడు తల్లి మహారాణి నడుముకు కట్టిన సన్నని వల్లెవాటు ఉంది. ఉంగరంలోంచి దూరిపోయేంత పలచన. చంపకవల్లి వెనకాడకుండా చర్రున చించింది. పలచని గంజి తడిపి చట్రం మీద పరిచింది. ఆరేకొద్దీ గుడ్డ డప్పులా బిగుసుకుంటుంది. అదే చిక్కు. బిగుసుకుంటూ చట్రాన్ని కూడా తనవైపు లాగి తమలపాకులా వంచేస్తుంది. తోక వంకరపోతే డేగ వంకరపోతుంది. అందుకని చదునైన నాపరాయి మీద పెట్టి, అంచుల నిండా గులకరాళ్లు బరువు పెట్టి, ఎండలో ఆరబెట్టారు.

ఎండ నిలకడగా ఉంటేగా. నీడ వెనకనుంచి తరుముకొస్తోంది. తోక ఇంకా తడిగానే ఉంది. నాపరాయిని అలాగే ఇద్దరూ చెరో పక్కా ఎత్తుకుని, గులకరాళ్లు కదలకుండా, నిండు కడవ మోసినట్టు ఎండలోకి జరిగారు. ఇంకాసేపటికి మళ్లీ జరిగారు. జరిగి జరిగి బండ చాటు దాటిపోయింది. తట్టా, జిగురు కుంపటీ, డేగా కూడా ఒక్కొక్కటే చేరవేసుకుంటూ లోయ అంచుకు వచ్చి పడ్డారు. అక్కడ దళపతి గండోదరుడి డేరా.

గండోదరుడంటే పేరుకు తగ్గ పొట్ట, పొట్టకు తగ్గ బద్ధకం. వేటమాంసం తిని డేరాలో కునుకు తీస్తున్నవాడు వీళ్ల అలికిడికి లేచి వచ్చాడు. రాళ్లు పెట్టిన గుడ్డను చూశాడు, పక్కనున్న డేగను చూశాడు. చంపకవల్లి తల వంచుకుంది. చెమటకు ముఖం మీద మసి కారిపోతోందని ఆమెకు తెలుసు.

"బాసికం ఏదే ముసలీ? ఇదేంటి, వడియాలు పెట్టుకుంటున్నారా?"

"వీపుగుడ్డ దొరా. ఇది ఆరితేనే బాసికం నిలబడేది. నా సేతిలో పనైతే ఈ పాటికి అయిపోను. ఇదుగో, ఈ కోడలు మహాతల్లి ఉందిగా. సెయ్యి ఆడదు, నోరు ఆగదు. పుట్టింటోళ్లు పని నేర్పకుండా నా కొడుకు నెత్తిన రుద్దారు."

గండోదరుడికి నవ్వొచ్చింది. తన ఇంట్లో కూడా ఇదే భాగోతం అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, కిందటిసారి బాసికం ఆలస్యం చేసిన మనిషిని ఏ గూట్లో రాబందులకు వేశారో వేలు పెట్టి చూపించాడు. ఆ కొయ్యపిట్ట ఎందుకని అడిగాడు. తమ వైపు బాసికాల మీద పిట్ట వాలకపోతే ముహూర్తం కుదరదని పేరమ్మ చెప్పింది. నీడ అంచుదాకా వచ్చేలోగా బాసికం తన చేతిలో ఉండాలని చెప్పి మళ్లీ డేరాలోకి దూరాడు. నిజానికి బాసికం సగం కూడా కాలేదు. దాని బెండంతా తోకలోనే ఉంది.

చంపకవల్లి గులకరాళ్లు తీసింది. తోక అద్దంలా చదునుగా లేచి వచ్చింది, గోటితో తడితే టంగుమంది. డేగకు అతికించి దారం కట్టింది. సూదిగుట్ట మీద విజయాంకుడు అప్పటికే డేగను చూశాడు. చూసి, చేతులు ఊపకుండా, ఆ రాళ్లలో తనూ ఒక రాయైనట్టు కదలకుండా నిలబడ్డాడు. తెలివైన పిల్లాడు.

భటులను కాసేపు ఏమార్చాలి. ఆ పని తనదంది పేరమ్మ. రాకుమారి అంచుకు వెళ్లి గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుంటున్నంతలో ఆవిడ డేగ దగ్గర ఏదో చేసింది, చేసి డేరా వైపు నడిచింది. పొద్దుటినుంచి కడుపులో మెతుకు లేదనీ, పిలిపించి పస్తు పెట్టడం ఏ రాజ్యపు మర్యాదనీ గండోదరుడి మీద పడి గొల్లుమంది. భటులంతా వినోదం చూడ్డానికి మూగారు.

చంపకవల్లి కులదైవాన్ని తలుచుకుని డేగను వదిలింది. లోయగాలి కింద చేయి పెట్టి ఎత్తినట్టు ఎత్తింది. డేగ తిన్నగా సాగింది, తోక చెక్కుచెదరలేదు. పట్టుదారం ఉండ ఇసుకలో ఎగిరెగిరి విప్పుకుంటోంది. గుట్టకు సగం దూరం దాటింది. విజయాంకుడు ఒక్క అడుగు ముందుకు వేశాడు. అంతలో డేగ మెల్లగా ముక్కెత్తింది. ఎత్తి, నడక నిలిపి, అలసిన మనిషి చెట్టుకు చేరగిలబడినట్టు వెనక్కి వాలి, లోయలోకి జారిపోయింది.

ఆమె దారం గబగబా వెనక్కి లాగింది. డేగ గోడకు కొట్టుకుంటూ, రాబందుల గూళ్లు రాసుకుంటూ పైకి వచ్చింది. నెత్తురు లేని పిట్ట గనుక ఒక్క రాబందూ కన్ను తెరవలేదు. రెక్కలు బాగానే ఉన్నాయి. తోకలో ఒక పుల్ల విరిగింది. తోకను తిప్పి చూస్తే అడుగున, కొసకంటా, అరచేతి మేర పచ్చపచ్చగా పసుపు ముద్ద. ఇంకా తడారలేదు.

అప్పుడే పేరమ్మ బాసికానికి ఇంకాస్త గడువు అడుక్కుని వచ్చింది. ఆ పసుపునూ, రాకుమారి ముఖాన్నీ చూసి నిలబడిపోయింది. వాళ్ల ఇళ్లలో ఆచారం అది. కొత్త నాగలైనా, కొత్త పడవైనా, కొత్త ఊయలైనా, వెనక అంచుకు పసుపు ముట్టించకుండా గడప దాటించరు. ముందు భాగాన్ని దేవుడు చూసుకుంటాడు, వెనక భాగాన్ని మనం చూసుకోవాలంటారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆవిడ చేతులు అది మరిచిపోయింది లేదు.

"నీ తమ్ముడి పేణం దాని మీదుంది గదా తల్లీ. ఉత్తినే ఎట్టా పంపేది? శుభం కోరే పెట్టాను. ముద్ద కాస్త ఎక్కువే పెట్టాను."

తిట్టే తీరిక చంపకవల్లికి లేదు. నీడ డేరాను మింగేసింది. వాళ్ల మడమలకు చల్లగా తగిలింది. ఇక ముందున్నది లోయ ఒక్కటే. లోయలోకి నీడ దిగిందంటే వేడిగాలి చచ్చిపోతుంది, గాలి చస్తే డేగ ఎగరదు. ఆ వెంటే రాబందులు లేస్తాయి. ఆ వెంటే సూదిగుట్ట.

ఇద్దరూ పడ్డారు పనిమీద. రాకుమారి ఈనె అంచుతో పసుపును గీకింది. విరిగిన పుల్ల పక్కన కొత్త బెండు పుల్ల జతచేసి దారంతో చుట్టింది. గుడ్డ తడిసి మెత్తబడిపోయింది, ఆరబెట్టడానికి ఇక ఎండ లేదు. జిగురు కాచే కుంపటి ఒక్కటే ఉంది. దాని మీద పట్టుకోవాలి. దగ్గరైతే బెండు భగ్గుమంటుంది, దూరమైతే ఆరదు, ఒదిలిపెట్టి ఆరబెడితే వంకరపోతుంది. పేరమ్మ తోకను తన రెండు అరచేతుల మధ్య చదునుగా నొక్కి పట్టి, నిప్పుల మీద అటూ ఇటూ తిప్పింది. అరచేతుల వెనక చర్మం ఎర్రబడింది, ఆపైన పొక్కింది. ఆవిడ పెదవి కొరికిందే తప్ప చెయ్యి తీయలేదు. రాకుమారి చాలు చాలంటే, ఉండవే, గుడ్డ ఇంకా వదులుగానే ఉంది అంది.

బిగిసింది. గోటితో తడితే మళ్లీ టంగుమంది. కానీ గుడ్డ నేతలోకి ఇంకిన పసుపు పోదుగా. రెండు వేళ్ల కొసలమీద రెక్కలు ఆన్చి చూస్తే డేగ ఇంకా తోకమీదికే తూగింది. మైనం వెనక ఆ బండ చాటునే ఉండిపోయింది. పేరమ్మ రొంటినున్న పసుపు పొట్లం విప్పి, గోరంత ముద్ద ముక్కుకు అద్దింది. ఇంకో గోరంత. డేగ వేళ్ల కొసలమీద తిన్నగా, త్రాసు ముల్లులా నిలబడింది. ఆచారం తప్పిందా నిలిచిందా అని అప్పుడు ఎవరూ అడగలేదు.

కొండమీద నీలిమంటలు ఒక్కసారి పైకి లేచాయి. కొమ్ములు మోగాయి. నీడ గుట్ట కొనను ముట్టే క్షణం కళ్లారా చూసినవాడి కళ్లు కూడా రాళ్లవుతాయని భటులకు భయం. అందుకని ఆ వేళకు అందరూ లోయకు వీపు తిప్పి, కొండకు ముఖం పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని కొమ్ములూదుతారు. గండోదరుడైతే తలపాగా విప్పి ముఖానికి చుట్టుకున్నాడు. అక్కడ కళ్లు తెరిచి ఉన్నది ఇద్దరే ఇద్దరు ఆడవాళ్లు.

లోయ ఇవతలి గోడ అప్పటికే నల్లబడింది. గాలి గుట్ట వైపు మాత్రమే ఇంకా లేస్తోంది. అందాకా డేగ తన రెక్కలమీదే పోవాలి. చంపకవల్లి వెనక్కి నడిచింది, పరుగెత్తి వచ్చింది, అంచుమీద ఒంటికాలిపై నిలబడి, ఒళ్లంతా చేతిలోకి తెచ్చుకుని విసిరింది.

డేగ దిగింది. దిగుతూనే సాగింది. నీడలో మునిగి కనిపించీ కనిపించకుండా ఉంది, దారం ఒక్కటే ఉండలోంచి పారుతోంది. తోక వణికితే అయిపోయినట్టే. వణకలేదు. నీడ అంచు దాటి ఎండలో పడింది, అక్కడి వేడిగాలి దాన్ని అమాంతం పైకెత్తింది. ముక్కు ఎత్తలేదు, పక్కకు ఒరగలేదు, గీత గీసినట్టు వెళ్లి చేతులు జోడించిన రాతి రాకుమారుడి భుజానికి తగిలి ఆగింది. విజయాంకుడు ఒక్క దూకుతో పట్టుకున్నాడు.

దారం పోయింది. దాని వెనక పురికొస పోయింది. దాని వెనక నారతాడు కొండచిలువలా లోయలోకి పాకింది. వాడు ఎంత వేగంగా లాగుతున్నాడో ఇక్కడ చంపకవల్లి అరచేతులు కోసుకుపోతుంటే తెలిసింది. తాడు కొసను రాతి రాకుమారుడి నడుముకు ముడివేశాడు వాడు. ఈ కొసను అంచునున్న బండకు బిగించింది ఆమె. అంతలో నీడ రాబందుల గూళ్లన్నిటినీ దాటి సూదిగుట్ట మొదలుకు చేరి, దబ్బనంలోకి దారం ఎక్కినట్టు పైకి పాకుతోంది.

విజయాంకుడు తాడు పట్టుకుని వేలాడాడు. చేతులతో పట్టు, కాళ్లతో పట్టు. కుడికాలు తాడుకు చుట్టాడు. ఎడమకాలు ఇంకా గుట్ట అంచుమీదే ఉంది. దాన్ని ఎత్తుతున్నాడు, ఎత్తేశాడనే అనుకుంది అక్క. సరిగ్గా అప్పుడే గుట్ట కొన నల్లబడింది.

తాడు ఒక్కసారిగా కుంగింది. అలా ఇలా కాదు, బండ దగ్గర ముడి కిర్రుమనేలా, లోయ నడిమికి వంగి వేలాడేలా. ఒక మనిషి బరువుకు తాడు అలా కుంగదు.

"అక్కా, నా ఎడమకాలు నా మాట వినడం లేదు." గొంతు లోయలో మారుమోగి వచ్చింది. "మోకాలిదాకా రాయైపోయింది. ఇది నన్ను కిందికి లాగేస్తోంది."

"కాలు సంగతి ఇవతలికి వచ్చాక చూద్దాం నాయనా. చేతులు మాత్రం వదలకు. ఒక్క చెయ్యి ముందుకు వెయ్యి."

వేశాడు. రెండో చెయ్యి వేయలేకపోయాడు. రాతికాలు గంట నాలుకలా వేలాడుతూ ఊగుతోంది, దానితోపాటు మొత్తం తాడూ ఊగుతోంది. లోయ గోడల్లో ముందు ఒక రెక్క దులిపిన చప్పుడైంది. తర్వాత రాగి మీద రాగి తగిలినట్టు ఒక ముక్కు మోగింది. ఒక గూట్లో ఎర్రటి కన్ను విచ్చుకుంది, పక్క గూట్లో ఇంకొకటి, ఆ వరసంతా దీపాలు పెట్టినట్టు.

కొండమీద కొమ్ములు ఆగిపోయాయి.

చంపకవల్లి చీర చెంగు నడుముకు బిగించింది. రాబందులను తరమడానికి కుంపటిలోంచి మండుతున్న కొరకంచు ఒకటి లాగి, కాలని కొనను పళ్లమధ్య కరిచి పట్టింది. పేరమ్మ అడ్డం వచ్చి, ఆ తాడు ఒకడినే మోయలేకుండా ఉంది, నువ్వు కూడా ఎక్కితే ఏమవుతుందో తెలుసా అని అడగబోయింది. ఆ పిల్ల కళ్లు చూసి పక్కకు తప్పుకుంది. ముడి జారకుండా చూడమని చేత్తోనే సైగ చేసి, రాకుమారి లోయలోకి దిగి తాడుకు వేలాడింది.

వెనక డేరా వైపు గండోదరుడు ముఖానికి చుట్టుకున్న తలపాగా విప్పుకుంటున్నాడు. పేరమ్మ అటు చూడలేదు. పొక్కిన చేతులతో బండను వాటేసుకుని, ముడి మీద తన ఒళ్లంతా ఆన్చి, నారతాడు పురులు ఒక్కొక్కటే పుటుక్కు పుటుక్కుమని తెగుతున్న చప్పుడు వింటూ కూర్చుంది.